కంపెనీ ఫీజు కట్టిన కోచ్‌కి చెప్పిన మాట బాస్‌కి చేరొచ్చా?

గచ్చిబౌలి_మేనేజర్:
ప్రమోషన్‌కి ముందు మా కంపెనీ నాకు ఎగ్జిక్యూటివ్ కోచ్‌ని (విడిగా కూర్చుని మాట్లాడుతూ పెద్ద బాధ్యతలకు సిద్ధం చేసే మనిషి) పెట్టింది. ఫీజు కంపెనీదే. "ఇక్కడ మాట్లాడుకున్నది మన మధ్యే ఉంటుంది" అన్నారాయన. అది నమ్మి, మా డైరెక్టర్‌తో పడటం లేదని, బయట ఇంటర్వ్యూలకు వెళ్తున్నానని చెప్పేశాను. అప్రైజల్‌లో డైరెక్టర్ "నీ మనసు ఇక్కడ లేదట కదా" అన్నారు. ఇంట్లో, ఆ కోచ్ దగ్గర తప్ప నేనెక్కడా నోరు విప్పలేదు. డబ్బు కట్టినవాళ్లకు తెలుసుకునే హక్కు ఉంటుందా? ఓదార్పు వద్దు, వాదన చెప్పండి.

పాత_హెచ్‌ఆర్:
తిట్టుకున్నా ఫర్వాలేదు, హక్కు ఉంది. కొంతవరకే. సీనియర్ కోచ్ ఫీజు లక్షల్లో ఉంటుంది. చివర్లో "ఏమైనా మార్పు ఉందా" అని అడిగితే "చెప్పను" అంటే నేను ఫైనాన్స్‌కి ఏం సమాధానం చెప్పాలి? సెషన్లకు వస్తున్నారా, పెట్టుకున్న లక్ష్యాల్లో కదలిక ఉందా, ఇంతే అడిగేదాన్ని. అయితే వెళ్లిపోయే మనిషికి పెద్ద పోస్టు కట్టబెడుతున్నామా అన్నది కంపెనీకి చిన్న విషయం కాదు కదండీ.

వైజాగ్_కోచ్:
హెచ్‌ఆర్ మేడమ్ మొదటి సగంతో నాకు పేచీ లేదు, రెండో సగంతోనే. కోచ్‌లకు సర్టిఫికెట్లు ఇచ్చే ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ (ఐసీఎఫ్) నియమావళిలో క్లయింట్ వేరు, స్పాన్సర్ వేరు. కూర్చుని మాట్లాడేవారు క్లయింట్, డబ్బు కట్టి ఏర్పాటు చేసేవారు స్పాన్సర్. ఏ సమాచారం ఎవరికి వెళ్తుంది, గోప్యత ఎక్కడ ఆగుతుంది అన్నది మొదటి మీటింగ్‌లోనో అంతకుముందో ఇద్దరికీ అర్థమయ్యేలా చెప్పాలి. చట్టవిరుద్ధమైన పని, కోర్టు ఉత్తర్వు, ఎవరికైనా ప్రమాదం జరిగే అవకాశం లాంటివి మినహాయింపులు. ఉద్యోగం వెతుక్కోవడం అందులో ఏదీ కాదు.

నేనైతే ముగ్గురినీ ఒకేసారి కూర్చోబెడతాను. లక్ష్యాలు బాస్ ముందే రాసుకుంటాం. చివర్లో ఏం మారిందో క్లయింటే చెప్తారు, నేను పక్కన కూర్చుంటాను. నా నుంచి విడిగా రిపోర్టు వెళ్లదు. గచ్చిబౌలి గారూ, మీకు అలాంటి మీటింగ్ జరిగిందా?

గచ్చిబౌలి_మేనేజర్:
లేదండీ. డైరెక్టరూ ఆయనా విడిగా మాట్లాడుకున్నారు. అగ్రిమెంట్ కాపీ కూడా నాకు చూపించలేదు.

కోర్టు_పక్షి:
కోచ్ గారు చెప్పింది వినడానికి బాగుంది. కానీ ఐసీఎఫ్ 1995లో అమెరికాలో పుట్టిన ప్రైవేటు సంస్థ. సభ్యత్వమో సర్టిఫికెట్టో ఉన్నవాళ్ల మీదే దానికి పట్టు. మన దేశంలో లైసెన్సు లేకుండా ఎవరైనా కోచ్ అని బోర్డు పెట్టుకోవచ్చు. క్లినికల్ సైకాలజిస్ట్ అయితే చట్టం కింద ఏర్పడిన రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టర్ అవ్వాలి. లాయర్‌కి మీరు చెప్పిన మాటకు భారతీయ సాక్ష్య అధినియం (కోర్టు సాక్ష్యాల చట్టం) 132వ సెక్షన్ రక్షణ ఉంది. కోచ్‌కి చెప్పిన మాటకు అలాంటిదేమీ లేదు. ఉన్నదల్లా కాంట్రాక్టు. దాని మీద సంతకాలు ఎవరివి? కంపెనీవి, కోచ్‌వి.

ఇంకోటి. ఐసీఎఫ్ మూడు సర్టిఫికెట్లకూ కోచింగ్ అనుభవం కనీసం 100, 500, 2,500 గంటలు కావాలి. నోరు కట్టుకోవడాన్ని ఏ గంటల్లో కొలుస్తారు?

వైజాగ్_కోచ్:
మూడేళ్లకోసారి రెన్యువల్‌కి కనీసం 3 గంటలు ఎథిక్స్ మీద చదవాలి.

కోర్టు_పక్షి:
మూడేళ్లకు మూడు గంటలా! సరే, సైకాలజిస్టుల్లోనూ నోరుజారేవాళ్లు ఉంటారు, ఒప్పుకుంటాను. కానీ అక్కడ రిజిస్ట్రేషన్ పోతుందన్న భయం ఉంటుంది.

డల్లాస్_తమ్ముడు:
అమెరికాలోనూ కోచ్‌కి ప్రభుత్వ లైసెన్సు అక్కర్లేదు అన్నా. సిలికాన్ వ్యాలీలో అందరూ పొగిడే బిల్ క్యాంప్‌బెల్ 1997 నుంచి 2014 దాకా యాపిల్ బోర్డులో ఉన్నాడు, ఆ కాలంలోనే గూగుల్‌లో అప్పటి సీఈఓ ఎరిక్ ష్మిట్‌కి కోచ్. ఆండ్రాయిడ్ వచ్చాక ఆ రెండు కంపెనీలూ ఫోన్లలో తలపడ్డాయి. రెండు పడవల మీద కాళ్లు. అయినా రెండు వైపులా ఆయన్ని నమ్మారు. మనిషి మంచివాడైతే నియమావళి ఎందుకు?

వైజాగ్_కోచ్:
తమ్ముడూ, ఆయనతో మాట్లాడినవాళ్లు కంపెనీ అధిపతులు. నమ్మకం పోతే ఆయన్నే పక్కన పెట్టగలరు. గచ్చిబౌలి గారి చేతిలో ఏముంది? అప్రైజల్ కూడా డైరెక్టర్ చేతిలోనే ఉంది. నియమావళి కావాల్సింది ఇలా బలం లేని వైపు కూర్చున్నవారికే. ఒకే టీమ్‌లో బాస్‌కీ, కింద పనిచేసేవారికీ ఒకే కోచ్‌ని పెడుతున్న చోట్లు కూడా ఉన్నాయి. ఆ పని నేను ఒప్పుకోను.

పాత_హెచ్‌ఆర్:
మరి కష్టమైన కేసు చెప్తాను. క్లయింట్ మాటల్లో టీమ్‌లోని అమ్మాయిని వేధిస్తున్నట్టు బయటపడింది. అప్పుడూ మౌనమేనా?

వైజాగ్_కోచ్:
కాదు. అది పైన చెప్పిన మినహాయింపుల్లోకి వస్తుంది. ఇలాంటిది తెలిస్తే దాచనని మొదటి రోజే చెప్తాను. అలా చెప్తే కొందరు మనసు విప్పరు. విప్పకపోయినా సరే.

పాత_హెచ్‌ఆర్:
ఇక్కడ మీతో ఉన్నాను. మొదటిదాంట్లో మాత్రం కాదు. రాజీనామా ఆలోచన తెలిసి కూడా కోచ్ మా దగ్గర బిల్లు తీసుకుంటూ నవ్వుతుంటే నాకు మింగుడుపడదు.

కోర్టు_పక్షి:
మేడమ్, అలాగైతే ఆ మాట అగ్రిమెంట్‌లో రాయండి, సెషన్ మొదలవకముందే ఉద్యోగికి చూపించండి. ఎంతమంది కూర్చుంటారో చూద్దాం.

గచ్చిబౌలి_మేనేజర్:
అగ్రిమెంట్ కాపీ కావాలని ఇవాళ హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టాను, కోచ్‌ని కూడా కాపీలో ఉంచాను. హెచ్‌ఆర్ నుంచి ఇంకా ఏమీ రాలేదు. కోచ్ మాత్రం పది నిమిషాల్లో ఫోన్ చేశారు. ఎత్తలేదు. ఏం చెప్పాలన్నా మెయిల్‌లోనే రాయమన్నాను.