పెళ్లి వీడియోల ఎడిటింగ్‌కి 14 కోర్ల పాత జియాన్ మేలా, 6 కోర్ల ఐ5 మేలా?

అరండల్‌పేట స్టూడియో (గుంటూరు):
అందరికీ నమస్కారం. గుంటూరు అరండల్‌పేటలో మాది చిన్న స్టూడియో. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు తీస్తాం. ఎడిటింగ్ ఎక్కువగా ఎడియస్ సాఫ్ట్‌వేర్‌లోనే, ఈ మధ్య ప్రీమియర్ కూడా మొదలుపెట్టాను. ఇప్పుడున్న సిస్టమ్ ప్రాసెసర్‌లో కోర్లు (పనిచేసే విభాగాలు) నాలుగే. మూడు కెమెరాల ఫుటేజీ టైమ్‌లైన్ మీద వేస్తే ఆగి ఆగి నడుస్తోంది. మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యేలోగా మార్చెయ్యాలి.

విజయవాడ గవర్నర్‌పేటలో ఒక షాపులో సెకండ్ హ్యాండ్ సెట్ చూశాను. ఇంటెల్ జియాన్ ఈ5-2680 వీ4 ప్రాసెసర్, 14 కోర్లు, 28 థ్రెడ్లు (ఒక్కో కోరుకి రెండేసి పనుల వరసలు), చైనా ఎక్స్99 మదర్‌బోర్డు, 64 జీబీ ర్యామ్. ఇంచుమించు అదే డబ్బుకి వేరే షాపులో కొత్త ఐ5-12400, బోర్డు, 16 జీబీ ర్యామ్ ఇస్తామంటున్నారు. అది ఆరు కోర్లే. ఏది తీసుకున్నా గ్రాఫిక్స్ కార్డు నా దగ్గరున్న జీటీఎక్స్ 1650నే. మొదటి షాపాయన "ఇది సర్వర్ ప్రాసెసర్ అండి, దీని ముందు ఐ5 ఏం నిలుస్తుంది" అంటున్నాడు. 14 ఎక్కడ, 6 ఎక్కడ అని నాకూ అనిపిస్తోంది. కానీ అది 2016లో వచ్చిన సరుకు. వాడినవాళ్లు చెప్పండి.

పటమట జియాన్ (విజయవాడ):
అన్నా, ఇంకేం ఆలోచించకు, జియాన్ తీసుకో. నేను మూడేళ్లుగా ఇదే ప్రాసెసర్ వాడుతున్నాను. పిల్లలకి నెట్‌వర్కింగ్ నేర్పిస్తాను, ఒక్కో వర్చువల్ మెషీన్‌కి (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్) 4 జీబీ చొప్పున పది మెషీన్లు ఒకేసారి లేపుతాను. 16 జీబీ ఐ5 మీద అందులో సగం కూడా లేవవు. మెమరీకి దీంట్లో నాలుగు చానెళ్లు (డేటా నడిచే దారులు). డీడీఆర్4-2400 వేస్తే సెకనుకి 76.8 జీబీ పోతుంది. ఐ5కి రెండే చానెళ్లు, డీడీఆర్4-3200తో 51.2 జీబీ దగ్గర ఆగిపోతుంది. కార్డులు పెట్టుకోడానికి పీసీఐఈ లేన్లు 40. సర్వర్లలోంచి తీసేసిన రిజిస్టర్డ్ ఈసీసీ ర్యామ్ మామూలు బోర్డుల్లో పట్టదు, అందుకే అంత చవగ్గా దొరుకుతుంది. రాత్రీపగలూ నడవడానికి పుట్టిన ప్రాసెసర్ ఇది. పాతది అన్న ఒక్క మాటతో తీసిపారెయ్యకండి.

లక్ష్మీపురం మాస్టారు (గుంటూరు):
పటమట తమ్ముడు చెప్పిన అంకెలన్నీ నిజమే. ఆయన పనికి ఆయన ఎంపిక కూడా సరైనదే. కానీ అడిగినాయన పని వేరండి.

కోర్లు లెక్కపెట్టేముందు ఒక్కో కోరు ఎంత పని చేస్తుందో చూడాలి. ఆ జియాన్ పెట్టె మీద 3.3 గిగాహెర్ట్జ్ అని ఉంటుంది. అది ఒకటి రెండు కోర్లు పనిచేస్తున్నప్పటి వేగం. పద్నాలుగూ దిగితే 2.9కి పడిపోతుంది. 12400 ఒక్క కోరు మీద 4.4, ఆరూ పనిచేస్తే 4.0. పైగా గిగాహెర్ట్జ్‌తో కథ అయిపోదు. జియాన్‌లో ఉన్న బ్రాడ్‌వెల్ కోరు ఒక్కో క్లాక్‌కి (ప్రాసెసర్ ఒక్క టిక్కుకి) నాలుగు ఇన్‌స్ట్రక్షన్లు విప్పుకుంటే, 12400లోని గోల్డెన్ కోవ్ ఆరు విప్పుకుంటుంది. ముందుచూపుతో చేతిలో పట్టుకుని వరస మార్చుకోగల పనులు బ్రాడ్‌వెల్‌కి 192, గోల్డెన్ కోవ్‌కి 512. అందుకే ఒక కోరుకి ఒక కోరు పెట్టి చూస్తే ఐ5 దాదాపు రెట్టింపు. అన్ని కోర్లూ కలిపి కొలిచే టెస్టుల్లో రెండూ దగ్గర దగ్గరగా వస్తాయి. 14కీ 6కీ ఉన్న దూరం అక్కడే చాలావరకు చెరిగిపోయింది.

ఇక అసలు సంగతి. మన మిర్చి యార్డులో లారీ దించడానికి పద్నాలుగు మంది హమాలీలున్నా కాటా ఒక్కటే అయితే అందరూ దాని ముందు నిలబడాల్సిందే. దీన్నే జీన్ ఆమ్‌డాల్ 1967లో లెక్క కట్టి చెప్పాడు. ఒక్క కోరుతో 100 నిమిషాలు పట్టే పని ఉందనుకుందాం. అందులో 90 నిమిషాల పని పంచుకోగలిగింది, 10 నిమిషాలది పంచుకోలేనిది. ఆరు కోర్లకిస్తే 10 ప్లస్ 15, మొత్తం 25 నిమిషాలు. పద్నాలుగు కోర్లకిస్తే 10 ప్లస్ 6.4, అంటే 16.4 నిమిషాలు. ఐ5 కోరు రెట్టింపు కూడా వద్దు, 1.8 రెట్లు వేగం అనుకుందాం. ఆ 25 కాస్తా 14 నిమిషాల లోపుకి వచ్చేస్తుంది. ఆరుగురు పద్నాలుగు మందికన్నా ముందు ఇంటికెళ్లారు.

టైమ్‌లైన్ మీద ప్లే చెయ్యడం, కట్ చెయ్యడం, టైటిల్ వెయ్యడం, ఎఫెక్ట్ లాగి వదలడం లాంటి వాటిలో కాటా ముందు నిలబడే పనే ఎక్కువ. స్టూడియోలో రోజంతా చేసేది కూడా అదే.

బ్రాడీపేట త్రీడీ (గుంటూరు):
మాస్టారు గారూ, మీ లెక్కలోనే 90 బదులు 99 వేసి చూడండి. ఆరు కోర్లకి 17.5 నిమిషాలు, 1.8తో భాగిస్తే 9.7. పద్నాలుగు కోర్లకి 8.1. ఇక్కడ జియాన్ గెలిచింది. నేను ఇళ్ల ఎలివేషన్లు చేసే ఆర్కిటెక్ట్‌ని. ప్రాసెసర్ మీద రెండర్ పెట్టినప్పుడు బొమ్మని చిన్న చిన్న గడులుగా కోసి ఒక్కో కోరుకి ఒక్కోటి ఇచ్చేస్తారు. అక్కడ కాటా దగ్గర క్యూ ఉండదు. రాత్రి రెండర్ పెట్టి ఇంటికెళ్లి పొద్దున్నే వచ్చి చూసుకునే నాలాంటివాళ్లకి జియాన్ ఇప్పటికీ అన్నం పెడుతోంది. ఎవరికీ పనికిరాదన్నట్టు మాట్లాడితే మాత్రం ఒప్పుకోను.

లక్ష్మీపురం మాస్టారు:
మేడం, మీరన్నది నూటికి నూరు పాళ్లు నిజం. 99 పడే పనికి జియానే.

కృష్ణలంక కెమెరా (విజయవాడ):
ప్రాసెసర్ల గొడవ సరే, బోర్డు సంగతి ఎవరూ ఎత్తట్లేదు. ప్రాసెసర్ ఇంటెల్‌దే కావచ్చు, కానీ ఆ చైనా ఎక్స్99 బోర్డుల్లో చాలావాటికి పాత బోర్డుల నుంచి ఊడదీసిన చిప్‌సెట్ (బోర్డు మీది ముఖ్యమైన చిప్) అతికిస్తారు. నాదీ అలాంటి సెట్టే. రెండేళ్ల క్రితం సరిగ్గా వైశాఖమాసం ముహూర్తాల మధ్యలో బోర్డు చచ్చిపోయింది. కొన్న షాపులో వారంటీ నెల రోజులే అన్నారు. అలాంటి బోర్డు కోసం విజయవాడంతా తిరిగాను. చివరికి ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టి పన్నెండు రోజులు కూర్చున్నాను. ఈలోపు రెండు పెళ్లిళ్ల ఆల్బమ్ వీడియోలు బయట ఇచ్చి చేయించాను. ఒక పార్టీ వాళ్లు ఇంకోసారి మా దగ్గరికి రాలేదు. అమ్మాయి అప్పగింతల వీడియో చూసుకోవాలని ఎదురుచూసిన ఇంటికి నేను ఏం సమాధానం చెప్పాలి? ఐ5 బోర్డు పోతే ఆ సాయంత్రానికే ఇంకోటి తెచ్చుకోవచ్చు.

ఇంకోటి కూడా ఉంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11 అధికారిక జాబితాలో ఈ జియాన్ లేదు. అడ్డదారిలో ఎక్కించొచ్చు. పొట్టకూటి మెషీన్‌ని అడ్డదారి మీద నిలబెట్టుకుంటారా?

అరండల్‌పేట స్టూడియో:
అందరికీ ధన్యవాదాలు. నా ఫుటేజీ గురించి చెప్పడం మర్చిపోయాను. రెండు కెమెరాలు 10 బిట్, 4:2:2 (రంగుల వివరం ఎక్కువగా ఉంచే పద్ధతి), హెచ్‌ఈవీసీ (వీడియోని బాగా కుదించే ఫార్మాట్). మూడోది మామూలు హెచ్.264, 8 బిట్. దీనివల్ల ఏమన్నా తేడా ఉంటుందా?

లక్ష్మీపురం మాస్టారు:
తేడా ఏమిటండీ, మీ ప్రశ్నకి జవాబే అందులో ఉంది. 12400 లోపల యూహెచ్‌డీ 730 గ్రాఫిక్స్ ఉంటుంది. దాంట్లో క్విక్ సింక్ అని వీడియో విప్పడానికే ప్రత్యేకమైన సర్క్యూట్ ఉంది. 10 బిట్ 4:2:2 హెచ్‌ఈవీసీని అది కోర్ల జోలికి రాకుండా విప్పేస్తుంది. జియాన్ ఈ5లో గ్రాఫిక్స్ అసలు లేవు. ఇక మీ 1650 అంటారా, రంగుల వివరం తక్కువుండే 4:2:0 విప్పుతుంది గానీ 4:2:2 విప్పలేదు. ఎన్విడియాలో ఆ సౌకర్యం ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తోనే వచ్చింది. కాబట్టి జియాన్ మీద ఆ రెండు కెమెరాల బరువూ కోర్లే మొయ్యాలి. ఎడియస్ ముందునుంచీ క్విక్ సింక్‌ని బాగా వాడుకునే సాఫ్ట్‌వేరే, ప్రీమియర్ కూడా వాడుకుంటుంది.

ఒక్క విషయం మాత్రం చూసుకోండి. మీకిచ్చిన కొటేషన్‌లో 12400 అని ఉందా, 12400ఎఫ్ అని ఉందా? ఎఫ్ అయితే దాంట్లో గ్రాఫిక్స్ ఉండవు. నేను ఇంతసేపు చెప్పింది మీకు ఎందుకూ పనికిరాదు.

అరండల్‌పేట స్టూడియో:
ఇప్పుడే కాగితం తీసి చూశాను. ఎఫ్ అనే ఉంది!

పటమట జియాన్:
అన్నా, మాస్టారు చెప్పింది విన్నాను. కానీ స్టూడియో పని తెలిసినవాళ్లకి ఇంకో దారి ఉంది. ఆ క్లిప్పుల్ని ముందే గ్రాస్ వ్యాలీ హెచ్‌క్యూఎక్స్ అనే ఎడిటింగ్ ఫార్మాట్‌లోకి మార్చేసుకుంటే ఏ ప్రాసెసర్ మీదైనా వెన్నలా నడుస్తాయి. మాటలెందుకు, ఆదివారం నీ హార్డ్‌డిస్క్ పట్టుకుని పటమట వచ్చేయ్. నా సిస్టమ్ మీద నీ ఫుటేజీనే వేసి చూద్దాం. భోజనం ఇక్కడే.

అరండల్‌పేట స్టూడియో:
ఆదివారం పొద్దున్నే గుంటూరులో బస్సెక్కి వెళ్లొచ్చాను. తమ్ముడు చాలా మర్యాదగా చూశాడు, వాళ్లమ్మగారు గోంగూర పచ్చడి సీసా కట్టి మరీ పంపారు.

చూసింది చూసినట్టు రాస్తున్నాను. 8 బిట్ కెమెరా ఫుటేజీ జియాన్ మీద హాయిగా నడిచింది. 4:2:2 క్లిప్పులు రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టగానే తాళి కట్టే సీన్ దగ్గర బొమ్మ బిగుసుకుపోయింది, శబ్దం మాత్రం ముందుకెళ్లిపోయింది. టాస్క్ మేనేజర్ తెరిస్తే 28 గడులు. కొన్ని ఎగిసిపడుతున్నాయి, చాలావరకు సగం కూడా నిండలేదు. అయినా వీడియో కదలట్లేదు. మాస్టారు చెప్పిన కాటా అంటే ఏమిటో అక్కడ కళ్లతో చూశాను.

తర్వాత హెచ్‌క్యూఎక్స్‌లోకి మార్చాం. తమ్ముడన్నట్టే వెన్నలా నడిచింది, అందులో అబద్ధం లేదు. కానీ ఫైళ్లు ఎన్నో రెట్లు పెరిగాయి. ఒక పెళ్లికే హార్డ్‌డిస్క్‌లు కొనుక్కుంటూ పోవాలి. పైగా అప్పగింతలైన మర్నాడే ఫోన్‌లో పెట్టుకోడానికి రెండు నిమిషాల వీడియో కావాలంటున్నారు అందరూ. మార్చుకుంటూ కూర్చునే టైము నాకు లేదు.

పటమట జియాన్:
నా ఎదురుగానే జరిగింది కాబట్టి కాదనను. అన్న ఫుటేజీకి నా సిస్టమ్ సరిపోలేదు. అన్న వెళ్లాక అదే మెషీన్ మీద పది వర్చువల్ మెషీన్లు లేపి క్లాసు చెప్పాను, చెమట కూడా పట్టలేదు దానికి. నా పనికి నేను దాన్నే వాడతాను, ఎవరడిగినా అదే చెప్తాను.

అన్నట్టు మాస్టారూ, కరెంటు సంగతి మీరు ఎత్తుతారనుకున్నాను.

లక్ష్మీపురం మాస్టారు:
ఆ లెక్క మీ పక్షానా కొంత ఉంది తమ్ముడూ, అందుకే ముందు ఎత్తలేదు. జియాన్ 120 వాట్లు, ఐ5 65 వాట్లు అని పోల్చడం తప్పు. ఐ5 కూడా పూర్తి బరువు మీద 117 వాట్ల దాకా వెళ్తుంది. తేడా వచ్చేది మామూలు పనిలో, ఖాళీగా ఉన్నప్పుడు. సగటున 60 వాట్ల తేడా అనుకుంటే రోజుకి 12 గంటల చొప్పున 30 రోజులకి 21.6 యూనిట్లు. స్టూడియోకి కమర్షియల్ మీటరు ఉంటుంది కాబట్టి మీ బిల్లులోని రేటుతో గుణించుకోండి. రోహిణి కార్తెలో ఆ వేడిని బయటికి తోసే ఏసీ ఖర్చు దీనికి అదనం.

అరండల్‌పేట స్టూడియో:
షాపుకి ఫోన్ చేశాను. ఎఫ్ లేని 12400 తెప్పిస్తామన్నారు, కొంచెం ఎక్కువవుతుంది. ర్యామ్ 16 బదులు 32 వేయించుకుంటున్నాను, ఆ మేరకు క్యాబినెట్ పాతదే ఉంచేస్తాను. మాస్టారూ, 1650 కార్డు పెట్టాక కూడా లోపలి గ్రాఫిక్స్ పనిచేయాలంటే ఏం చెయ్యాలి?

లక్ష్మీపురం మాస్టారు:
బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల్లో) లోపలి గ్రాఫిక్స్‌ని ఎనేబుల్ చేసి ఉంచండి. చాలా బోర్డులు విడి కార్డు కనపడగానే లోపలిదాన్ని వాటంతట అవే ఆపేస్తాయి. తర్వాత ఇంటెల్ డ్రైవర్ వేసి, టాస్క్ మేనేజర్‌లో రెండు జీపీయూలు (గ్రాఫిక్స్ చిప్‌లు) కనపడుతున్నాయో లేదో చూడండి. రెండూ కనపడితేనే షాపాయనకి డబ్బులివ్వండి.