భూప్రావారంలో ఉన్న ‘ప్రావారం’ ఏమిటి?

నిన్న రాత్రి మా చెల్లె కొడుకు పుస్తకం తెచ్చి, "పెద్దమ్మా, భూపటలం అంటే భూమి పై పొర అని తెలుసు. ఈ భూప్రావారం ఏంది?" అని అడిగాడు. బడిలో మాంటిల్ అని చెప్పి ముందుకు పోయారట. అది మాత్రం వాడికి ఏం తెలిసినట్టు?

ప్రావారం అంటే సంస్కృతంలో ఒంటిమీద కప్పుకునే బట్ట, ఉత్తరీయం. మాంటిల్‌కీ పాత అర్థం అలాంటిదే. "మీ తాత గొంగడి కప్పుకున్నట్టు, భూమి నడుమనున్న లోహపు ముద్దను, అంటే కేంద్రాన్ని, ఇది కప్పి ఉంది" అన్నాను. వెంటనే పట్టుకున్నాడు. కాకపోతే ఈ గొంగడి మనిషికంటే లావు. భూమి ఘనపరిమాణంలో నూటికి 84 వంతులు ఇదే.

మరి అంగారకుడి లోపలిదాన్ని ఏమనాలి? భూప్రావారం అనలేం కదా.

పరకాల సభ్యుడి జవాబు:
అక్కా, భూ తీసేస్తే చాలు. పటలం, ప్రావారం, కేంద్రం ఏ రాతి గ్రహానికైనా సరిపోతాయి. చిక్కంతా భూకంపంతోనే. నాసా వాళ్ల ఇన్‌సైట్ నౌక 2018 నవంబరులో అంగారకుడి మీద దిగి, 1,300కు పైగా కంపాలు పట్టింది. వాటినీ భూకంపాలనే రాస్తున్నారు. 2024 డిసెంబరు 4 పొద్దున ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చి మన ఇండ్లను ఊపింది భూకంపం. అక్కడిది కుజకంపం అందాం. ‘కు’ అంటే భూమి, కుజుడంటే భూమికి పుట్టినవాడు. చుట్టరికం పేరులోనే ఉంది.

నా జవాబు:
కుజకంపం చాలా బాగుంది తమ్ముడూ. ఆ కంపాల వల్లే ప్రావారం మాట నాకు ఇంకా నచ్చింది. కంపం అలలు లోపలి పొరలు మారినచోట వంగుతాయి, వెనక్కి తిరుగుతాయి. అవి చేరిన సమయాన్ని బట్టి లోతులు కడతారు. అంగారకుడి కేంద్రం వ్యాసార్ధం సుమారు 1,830 కిలోమీటర్లని 2021లో లెక్క తేలింది. 2023లో రెండు బృందాలు మళ్లీ చూస్తే 1,650-1,675 దగ్గరకు తగ్గింది. మిగతా దాదాపు 150 కిలోమీటర్లు ప్రావారం అడుగున కరిగి ఉన్న రాయి! ఆ పొర కేంద్రం వేడిని బయటకు పోనివ్వకుండా కప్పి ఉంచుతుందట. కేంద్రం చల్లారకపోతే అందులో లోహం పొర్లడం కష్టం, అయస్కాంత క్షేత్రం పుట్టదు. అంగారకుడికి ఇప్పుడు అది లేకపోవడానికి ఇదొక కారణం కావచ్చంటున్నారు.

గొంగడి అన్నది ఇక్కడ పోలిక మాత్రమే కాదు, చేసే పనీ అదే. వాడి నోట్‌బుక్‌లో రెండు మాటలూ ఈరోజే రాయిస్తా.