2222 బాప్తిస్మాలు: గంజి కోసమా, దేవుడి కోసమా? పక్షపాతం లేకుండా చూడటం ఎలా?

ప్రశ్న: ఒంగోలు అమ్మాయి

అందరికీ వందనాలు. మాది ఒంగోలు పక్కన పల్లె. ఇప్పుడు హైదరాబాద్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. తాతల కాలం నుంచి బాప్టిస్టులం. 1878 జులై 3 గురించి వినకుండా మా ఇళ్లలో ఎవరూ పెరగరు. అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర, వెల్లంపల్లి, గుండ్లకమ్మ ఏరు, ఒక్క రోజులో 2222 మందికి బాప్తిస్మం. మా నాయనమ్మ ఆ సంఖ్య చెప్పేటప్పుడు నాలుగు రెళ్లనూ విడివిడిగా, వేళ్లు మడుస్తూ చెప్పేది. పెంతెకొస్తు దినాన యెరూషలేములో మూడు వేలమంది, మళ్లీ అంత పని దేవుడు మన ఏటి ఒడ్డునే చేశాడు అనేది.

మొన్న లంచ్ దగ్గర ఈ సంగతి వచ్చింది. మా ల్యాబ్‌లో ఒకాయన, మంచి మనిషే, "ధాత కరువు రోజులు కదండీ, గంజి పోసినవాళ్ల వెనక వెళ్లారు" అన్నారు. ఒళ్లు మండింది. గట్టిగానే జవాబు చెప్పాను.

రాత్రి పడుకున్నాక ఒక ప్రశ్న పట్టుకుంది. ఇదే కథలో దొర బదులు వేరే మతంవాళ్లు కరువులో పని చూపించి, కరువు తగ్గగానే వేలమందిని కలుపుకొని ఉంటే నేనేమనేదాన్ని? గంజి కోసమే అనేదాన్ని. ఇంకో ఆలోచనే వచ్చేది కాదు.

ల్యాబ్‌లో శాంపిల్ ఎవరిదైనా రిపోర్టు ఒకటే రావాలి. నమ్మకం దగ్గరికి వచ్చేసరికి నేను పేరు చూసి రిపోర్టు రాస్తున్నానేమో అని టెన్షన్‌గా ఉంది. మిషనరీలు రాసినది చదివితే కళ్లు చెమరుస్తాయి, వ్యతిరేకంగా రాసినది చదివితే మొదటి పేరాలోనే తప్పులు వెతుకుతాను. యేసుప్రభువును వదిలే ఉద్దేశం నాకు లేదు. కానీ ఆయన తరఫున వకాల్తా పుచ్చుకోకుండా, జరిగింది జరిగినట్టు తెలుసుకోవాలని ఉంది. ఎలా చేయాలి?

జవాబు: నెల్లూరు, రిటైర్డ్ చరిత్ర లెక్చరర్

అమ్మా, నేనూ క్రైస్తవుణ్ణే. చాలా ఏళ్లు పిల్లలకు ఈ కాలం గురించి పాఠం చెప్పాను. నీకు నచ్చేవీ నచ్చనివీ కలిపే పెడుతున్నాను, ఓపిగ్గా చదువు.

క్లౌ ఒంగోలు వచ్చింది 1866లో. 1867 జనవరి 1న ఎనిమిది మందితో సంఘం మొదలైంది. ఆ తొలినాళ్ల విశ్వాసుల్లో యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్దమనిషి ఉన్నారు. ఊరూరా తిరిగి తన బంధువర్గంలో సువార్త చెప్పింది ఆయనే. దొర ఒక్కడే చేసిన పని కాదు ఇది. మన ఇళ్లలో చెప్పుకునే కథలో పేరయ్యగారి పేరు ఎందుకు వినపడదో కూడా ఆలోచించాలి. చచ్చిన పశువు మాంసం మానేస్తాం, జాతరలో డప్పు కొట్టం, ఆదివారం పనికి రాం అన్నందుకు ఆ పల్లెల్లో వాళ్లను కొట్టారు, బావి దగ్గరికి రానివ్వలేదు. అయినా కరువుకు ముందే సభ్యులు మూడు వేలు దాటారు. అప్పటికి గంజి లేదు.

ఇక 1876-78 కరువు, మీ ల్యాబ్ ఆయన చెప్పిన ధాత కరువు. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వించే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించారు. అక్కడ పని చూసుకునే మేస్త్రీలు సంఘం బోధకులే. పని ఆగినప్పుడల్లా కూలివాళ్లకు వాక్యం చెప్పేవారు. అంటే అన్నం పెట్టిన చెయ్యి, సువార్త చెప్పిన నోరు ఒకరివే. మీ ల్యాబ్ ఆయన మాటలో ఈ మేరకు నిజం ఉంది, దాన్ని దాచకూడదు.

ఇంకో పక్క చూడు. కరువు సహాయం సాగినంత కాలం, ఏడాదికి పైగా, ఆయన బాప్తిస్మాలు ఆపేశారు. కావాలని వచ్చి అడిగినవాళ్లనూ ఆగమన్నారు. తిండి కోసం చేరుతున్నారన్న అనుమానం ఆయనకే ఉంది కాబట్టి. సహాయం ముగిశాక, ఇక ఇచ్చేది ఏమీ లేదని చెప్పినా జనం కదల్లేదు. అప్పుడే వెల్లంపల్లి. ఆ రోజు నీళ్లలో దిగి బాప్తిస్మం ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, విడతకు ఇద్దరు చొప్పున. ఆ ఏడాది ముగిసేలోపు లెక్క తొమ్మిది వేలు దాటింది.

గంజి ఒక్కటే కారణమైతే గంజి ఆగిన రోజే జనం పలచబడాలి. అలా జరగలేదు. కరువుకూ దీనికీ సంబంధమే లేదనడమూ కుదరదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు తనను మనిషిగా చూసినవాడి దేవుణ్ణి నమ్మాడు ఒకడు. అందులో కడుపు ఎంత, మనసు ఎంత అని విడదీయగలమని నేననుకోను.

నిన్ను నువ్వు పరీక్షించుకోవడానికి ఒకటి చెబుతాను. మాదిగలను చేర్చుకుంటే మేము రామని పై కులాలవాళ్లు అన్నప్పుడు క్లౌ దంపతులు చెరో గదిలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయమే వచ్చిందట. లోకం నీచమనుకునేవాళ్లనే దేవుడు ఎన్నుకున్నాడనే చోటు. క్లౌ స్వయంగా చెప్పిన సంగతే ఇది. మనం దేవుడు మాట్లాడాడు అంటాం. ఇదే సంగతి పక్కింట్లో చిలక జోస్యంలో జరిగితే ఏమంటాం? మూఢనమ్మకం అని నవ్వుతాం కదా. వాళ్లు తీసుకున్న నిర్ణయం న్యాయమైనదని నేను గట్టిగా నమ్ముతాను. పుట తెరుచుకున్న తీరు మాత్రం నాకు రుజువు కాదు.

జవాబు: గుంటూరు, సంఘ పెద్ద

సిస్టర్, ఇలా తవ్వుకుంటూ పోతే చివరికి ఏమీ మిగలదు. నా కళ్లముందే ఇద్దరు ముగ్గురు యువకులు ప్రశ్నలతో మొదలుపెట్టి ఆరాధనకు రావడమే మానేశారు. ప్రార్థనతో వెతకండి. ఒంటరిగా ఫోన్ పట్టుకుని అర్ధరాత్రి దాకా చదవొద్దు. తండ్రిలా చెబుతున్నాను, కోపం వద్దు.

ఒంగోలు అమ్మాయి

కోపం లేదు అంకుల్. మీ భయం మా నాన్నగారిలోనూ చూశాను. కానీ పౌలు అంతటివాడు చెప్పినా బెరయ ఊరివాళ్లు అది నిజమో కాదో అని ప్రతిరోజూ లేఖనాలు పరిశోధించారు. అపొస్తలుల కార్యాలు 17:11లో వాళ్లను ఘనులనే రాశారు, తప్పు పట్టలేదు. ఒంటరిగా వెతకొద్దన్నారే, ఆ మాట తీసుకుంటున్నాను. అందుకే ఇక్కడ అడిగాను.

జవాబు: విజయవాడ పాఠకుడు

నేను హిందువుని. ఒక్క మాట. "గంజి కోసం వెళ్లారు" అనడంలో మావైపు పక్షపాతం కూడా ఉంది. ఆకలితో ఉన్నవాడికి సొంత ఆలోచన ఉండదని, ఎటు లాగితే అటు పోతాడని అనుకోవడం అది. వాళ్లు అప్పటిదాకా ఎందుకు బయట ఉండాల్సి వచ్చిందో అడగకుండా, ఎందుకు వెళ్లారని మాత్రమే అడుగుతాం.

జవాబు: తెనాలి, టీచర్

చెల్లీ, చరిత్ర సంగతి పెద్దాయన చెప్పారు. నేను మన ఆదివారం గురించి చెబుతాను. సాక్ష్యాల సమయంలో ఎవరు లేస్తారో చూశావా? వీసా వచ్చినవాళ్లు, ఆపరేషన్ బాగా జరిగినవాళ్లు. మా సంఘంలో ఒకావిడ కొడుకు కోసం అందరం ఉపవాస ప్రార్థనలు చేశాం. బిడ్డ దక్కలేదు. ఆవిడ ఇప్పటికీ కుడివైపు ఫ్యాన్ కింద, చాప చివర కూర్చుంటుంది. మైకు ఆ వైపు ఒక్కసారీ వెళ్లలేదు. ఆ చాప మీద కూర్చున్నవాళ్లను లెక్కలో వేయకుండా "మా ప్రార్థనలన్నీ ఫలించాయి" అనుకోవడం తేలిక.

అందుకే మా స్త్రీల కూటంలో ఒక నోట్‌బుక్ పెట్టాం. ప్రార్థన అంశం అడిగిన రోజే తేదీతో రాస్తాం. తర్వాత జరిగింది జరిగినట్టు పక్కన రాస్తాం, జరగనిది కూడా. మొదట్లో కొందరికి నచ్చలేదు, దేవుణ్ణి శోధించడం అన్నారు. ఇప్పుడు ఆ పుస్తకం చూసే ఎవరింటికి వెళ్లి కూర్చోవాలో తెలుసుకుంటున్నాం. పోయిన నెల ఆవిడ ఇంటికి వెళ్లాం. బాబు గురించి చాలాసేపు మాట్లాడింది. అదీ సాక్ష్యమే అని నేను నమ్ముతాను.

ఒంగోలు అమ్మాయి

అందరికీ కృతజ్ఞతలు. లెక్చరర్ గారూ, పేరయ్యగారి గురించి మా నాన్నను అడిగాను, పేరు విన్నారు గానీ అంతకుమించి తెలియదట. ఆయన గురించి దొరికినంత చదువుతాను. సోమవారం ల్యాబ్ ఆయనతో మళ్లీ మాట్లాడతాను. కాలువ పనిలో మేస్త్రీలు బోధకులేనన్న సంగతి ముందు నేనే చెప్పేస్తాను. ఆ తర్వాత బాప్తిస్మాలు ఆపిన సంగతి చెప్పి ఆయన ఏమంటారో వింటాను. అక్కా, ఆ నోట్‌బుక్‌లో గడులు ఎలా గీశారో వీలైతే ఒక ఫొటో పెట్టండి, పేర్లు కనపడకుండా.