ఉదయ ధ్యానానికి వాట్సాప్‌లో హాజరు వేయించడం క్రమశిక్షణేనా?

మారతహళ్లి_పీజీ
అందరికీ వందనాలు. ఇక్కడ బెంగళూరులో మా తెలుగు క్రైస్తవ సంఘం యూత్‌కి కొత్త నియమం వచ్చింది. రోజూ ఉదయం ఆరున్నరలోపు బైబిల్ చదివి, ఏ అధ్యాయం చదివామో, ఏ వచనం మనసును తాకిందో గ్రూపులో పెట్టాలి. పెట్టనివాళ్ల పేర్లు శనివారం సాయంత్రం ఎర్ర రంగులో అదే గ్రూపులో ప్రత్యక్షమవుతాయి. మత్తయి 6లో ప్రభువు గది తలుపు వేసుకొని ప్రార్థించమన్నాడు. ఉపవాసం ఉంటే తలంటుకొని ముఖం కడుక్కోమన్నాడు, పక్కవాడికి తెలియకూడదని. మరి ఇదేంటి? నా పీజీ గదిలో నాలుగు మంచాలు. తలుపేసుకోవడం కుదరక టెర్రస్ మీద వాటర్ ట్యాంకు వెనక కూర్చుంటాను. అంత కష్టపడి చాటుకు వెళ్లి, కిందికి దిగి డప్పు కొట్టాలా?

ఇందిరానగర్_ఆంటీ
నేను ఒప్పుకోను బాబూ. దానియేలు రోజుకు మూడుసార్లు కిటికీలు తెరిచే ప్రార్థన చేశాడు, రాజుకు తప్ప ఎవరికీ ప్రార్థన చేయకూడదనే శాసనం వచ్చిందని తెలిసి కూడా. హెబ్రీ 3:13లో ప్రతిదినం ఒకరినొకరు హెచ్చరించుకోమని లేదా? ఊళ్లో తెల్లారి కుటుంబ ప్రార్థనకు మీ నాన్న కేకేస్తే లేవకుండా ఉండేవాడివా? ఇక్కడ కేకేసేవాళ్లు లేరు, అందుకే గ్రూపు.

మారతహళ్లి_పీజీ
ఆంటీ, ఆ కిటికీలు యెరూషలేము వైపు ఉన్నాయి, వీధివైపు కాదు. పైగా 6:10 చూడండి, ముందునుంచీ చేస్తున్నదే చేశాడు. చూసేవాళ్లున్నారని మొదలుపెట్టలేదు.

నైట్_షిఫ్ట్_బెళ్లందూరు
మా ప్రాజెక్టు అమెరికా టైమింగ్స్. క్యాబ్ దిగేసరికే తెల్లవారుజాము. ఆరున్నరకు నేను శవాన్ని. మా రూమ్మేట్ ఏం చేస్తాడో చెప్పనా? రాత్రే వచనం కాపీ చేసి పెట్టుకుంటాడు, అలారం మోగగానే పంపేసి దుప్పటి ముసుగేస్తాడు. వాడి పేరు ఎప్పుడూ ఎర్రగా రాదు. అయినా భక్తి అంతా పొద్దున్నే ఉండాలని ఎవరన్నారు? మార్కు 1:35లో యేసు చీకటితో లేచాడు, నిజమే. లూకా 6:12లో రాత్రంతా ప్రార్థనలో గడిపాడు. 134వ కీర్తన అయితే రాత్రివేళ మందిరంలో నిలబడేవాళ్లదే, మా షిఫ్టు వాళ్ల కీర్తన.

కృప_చాలు
కొలొస్స 2 చదవండి. ముట్టుకోవద్దు, రుచి చూడవద్దు అనే నియమాలన్నీ పౌలు పక్కన పెట్టేశాడు. మనం కృప కింద ఉన్నాం.

మెథడిస్టు_మనవడు
కృప అనగానే అలారం ఆపేసి పడుకోవచ్చని కాదు బ్రదర్. అదే పౌలు 1 తిమోతి 4లో దైవభక్తి విషయంలో సాధన చేయమన్నాడు. నియమం ఉండాలా వద్దా అన్నది అసలు గొడవ కాదు. లెక్క ఎవరికి చెప్పాలి, దేని గురించి చెప్పాలి అన్నదే గొడవ.

1742లో బ్రిస్టల్‌లో మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ మనుషులకు ప్రార్థనా మందిరం అప్పు తీర్చాల్సి వచ్చింది. సభ్యులను పన్నెండేసి మందిగా విడదీసి, వారానికి మనిషికి ఒక పెన్నీ వసూలు చేయడానికి ఒక్కో నాయకుణ్ణి పెట్టారు. వసూలుకు ఇల్లిల్లూ తిరిగేసరికి ఎవరు ఎలా బతుకుతున్నారో బయటపడింది. చందా వసూలు కాస్తా ఆత్మల బాగోగులు కనుక్కోవడంగా మారింది, అదే మెథడిస్టుల క్లాస్ మీటింగ్. గుమ్మం ఎక్కి పలకరించారు కాబట్టి అది పనిచేసింది. మీ జాబితా ఎవరి గుమ్మం ఎక్కింది?

అలాగని పూర్తిగా దాచుకోవడమే వినయం అనుకోకండి. మఠాల్లో సన్యాసులు ఎలా బతకాలో చెప్పే 6వ శతాబ్దపు బెనెడిక్టు నియమావళిలో 49వ అధ్యాయం శ్రమల దినాల గురించి, అంటే ఈస్టరుకు ముందు ఉపవాస కాలం గురించి. సన్యాసి తిండో నిద్రో కబుర్లో అదనంగా తగ్గించుకోవాలనుకుంటే మఠాధిపతికి ముందే చెప్పాలి, చెప్పకుండా చేస్తే అది డంబం కిందే లెక్క. నాకు ఇది బాగా నచ్చింది. నలభైమందికి చెబితే ప్రదర్శన అవుతుంది, ఎవరికీ చెప్పకపోతే మన గొప్పకు మనమే చప్పట్లు కొట్టుకుంటాం. ఒక్కరికి చెప్పాలి, ఆ ఒక్కరికి మనల్ని 'వద్దు' అనే హక్కు ఉండాలి.

ఇందిరానగర్_ఆంటీ
ఆ ఒక్కరు ఎవరు నాయనా? ఒకరికి చెబితే బుధవారం ప్రార్థన కూటంలో అది 'ప్రార్థన అంశం' అయి కూర్చుంటుంది. ఫలానా అబ్బాయి కోసం భారంగా ప్రార్థించండి, వివరాలు అడగొద్దు అంటారు. అప్పటికి వివరాలు అందరికీ తెలిసే ఉంటాయి.

వైట్‌ఫీల్డ్_యూత్_లీడర్
నేనూ ఇలాంటి గ్రూపే నడుపుతున్నాను, వేరే సంఘంలో. మా పిల్లలు ఎక్కువమంది గోదావరి జిల్లాల నుంచి, గుంటూరు వైపు నుంచి మొదటిసారి ఇల్లు వదిలి వచ్చినవాళ్లు. వరసగా కొన్నాళ్లు మెసేజ్ రాకపోతే నేను ఫోన్ చేస్తాను. అలా చేస్తేనే తెలిసింది, ఒక కుర్రాడు డెంగ్యూతో పీజీలో ఒంటరిగా పడున్నాడని. ఇంకొకడి ఉద్యోగం పోయింది, ఇంట్లో చెప్పలేదు. హాజరు లేకపోతే వీళ్లు నాకు దొరికేవాళ్లే కాదు.

మారతహళ్లి_పీజీ
బ్రదర్, మీరు చేసేది మంచి పని. కానీ ఫోన్ చేయడానికి మెసేజ్ మీ ఒక్కరికి వస్తే సరిపోదా? అందరి ముందు ఎర్ర రంగు ఎందుకు?

వైట్‌ఫీల్డ్_యూత్_లీడర్
నేను రంగులు వేయను. కానీ ఉన్నమాట చెబుతున్నా, నలుగురికీ కనబడకపోతే సగంమంది వారం తిరక్కుండానే మానేస్తారు.

మారతహళ్లి_పీజీ
మానేయనివ్వండి. ఎవరికి ఫోన్ చేయాలో అప్పుడు తెలుస్తుంది. ఇప్పుడైతే నైట్ షిఫ్ట్ బ్రదర్ రూమ్మేట్‌కి మీరు ఎప్పటికీ ఫోన్ చేయరు.