హైబ్రిడ్‌లో 0డబ్ల్యూ-16 బదులు 5డబ్ల్యూ-30 పోశారు, మైలేజీ పడిపోవడం ఆయిల్ వల్లేనా?

కారు 1.5 లీటర్ల పెట్రోల్ స్ట్రాంగ్ హైబ్రిడ్ (కొంత దూరం ఇంజిన్ ఆపి బ్యాటరీ మోటార్‌తోనే నడిచేది). మాన్యువల్‌లో ఇంజిన్ ఆయిల్ గ్రేడ్ 0డబ్ల్యూ-16 అని ఉంది (చివరి అంకె పెద్దదైతే వేడి మీద ఆయిల్ అంత చిక్కన). సర్వీసులో స్టాక్ లేదంటూ 5డబ్ల్యూ-30 ఫుల్ సింథటిక్ పోశారు. ఒకే బంకులో ఫుల్ ట్యాంక్ లెక్కన మూడు ట్యాంకుల సగటు లీటరుకు 22.5 నుంచి 20.8 కిలోమీటర్లకు దిగింది. దారి అదే, ఏసీ వాడకం అంతే.

"మన ఎండలకు చిక్కటి ఆయిలే మంచిది" అన్నారు మెకానిక్. కానీ 100 డిగ్రీల దగ్గర 16 గ్రేడ్ చిక్కదనం 6.1 నుంచి 8.2 సెంటీస్టోక్స్‌లోపు, 30 గ్రేడ్‌ది 9.3 నుంచి 12.5 లోపు. పైగా సిటీలో హైబ్రిడ్ ఇంజిన్ మాటిమాటికీ ఆగుతుంది, ఆయిల్ పూర్తిగా వేడెక్కదు. చల్లగా ఉన్నప్పుడు ఈ తేడా ఇంకా ఎక్కువ.

అయినా ఏడు శాతానికి పైగా తేడా అంటే ఆయిల్ గ్రేడ్ ఒక్కటే కారణమని నమ్మబుద్ధి కావట్లేదు. టైర్లలో గాలి సరిగానే ఉంది. బ్యాటరీకి గాలి పీల్చే జాలీ శుభ్రంగా ఉంది. అనుమానమల్లా ఆయిల్ మట్టం మీదే: డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే పుల్ల) మీద ఫుల్ గీతకు అర సెంటీమీటరు పైన ఉంది. బండి సమతలంగా పెట్టి, ఇంజిన్ ఆపిన పది నిమిషాలకు చూసిన కొలత ఇది.

తెలిసినవారు చెప్పండి. అంత ఎక్కువైతే ఇంజిన్ అడుగున తిరిగే క్రాంక్‌షాఫ్ట్ ఆయిల్‌ని చిలికి మైలేజీ తగ్గిస్తుందా? ముందు అదనపు ఆయిల్ మాత్రమే తీసి ఒక ట్యాంక్ చూడాలా, లేక మొత్తం దించేయాలా? దించితే 1,200 కిలోమీటర్లే తిరిగిన ఫిల్టర్‌ కూడా మార్చాలా? 0డబ్ల్యూ-16 దొరక్కపోతే వచ్చే సర్వీసు దాకా ఏపీఐ ఎస్‌పీ (ఆయిల్ నాణ్యత ప్రమాణం) ఉన్న 0డబ్ల్యూ-20 సరిపోతుందా?