మాటకి 55 పైసలు. ఇలాగే రాస్తూ పోతే రాత బాగుపడుతుందా?

పాత డెస్క్ పిల్ల:

అందరికీ నమస్తే. మాది ఖమ్మం. ఒక దినపత్రిక జిల్లా డెస్క్‌లో నాలుగున్నరేళ్లు సబ్ ఎడిటర్‌గా చేశాను. రాత్రి పదకొండుకి పేజీలు వదిలి ఆటో వెతుక్కునే ఉద్యోగం. బాబు పుట్టాక అది కుదరక మానేశాను. పద్నాలుగు నెలలుగా ఇంటి నుంచే ఫ్రీలాన్స్ చేస్తున్నా.

చేతిలో ఉన్న పని మూడు రకాలు. ఒక ఏజెన్సీకి ఆసుపత్రుల కరపత్రాలు, వెబ్‌సైట్ల అనువాదం. తెలుగు మాటకి 55 పైసలు. ఒక యూట్యూబ్ ఛానల్‌కి వారానికి రెండు స్క్రిప్టులు, ఒక్కోటి 600. ఇవి కాక అప్పుడప్పుడు ఒక షాపింగ్ సైటుకి కుక్కర్లు, దుప్పట్ల వివరణలు. ఆ రేటు ఇక్కడ చెప్పను, సిగ్గేస్తుంది. మంచి నెలలో 17 వేల దాకా వస్తాయి.

బాధ డబ్బొక్కటే కాదు. డెస్క్‌లో ఉన్నప్పుడు నా హెడ్డింగులు ఇన్‌ఛార్జి ముట్టుకోకుండా పెట్టేవారు. ఇప్పుడు నేను రాసింది నేనే రెండోసారి చదవలేకపోతున్నా. స్పీడు పెరిగింది, రాత చచ్చిపోయింది. మొన్న అచ్చయిన ఒక కరపత్రంలో నా వాక్యం చూడండి:

"మధుమేహాన్ని కలిగి ఉన్నటువంటి వ్యక్తులు తమ యొక్క పాదాలపై కోతలు, బొబ్బలు లేదా వాపు వంటివి ఉన్నాయేమో అని ప్రతి రోజూ కూడా తనిఖీ చేసుకుంటూ ఉండాలి."

ఏజెన్సీ వాళ్లు దీన్ని ఓకే చేశారు. నాకే ఓకే అనిపించలేదు.

అడగాలనుకున్నవి: ఆరోగ్యం ఒక్కటే పట్టుకుని కూర్చోవాలా, అన్నీ చేయాలా? నా పేరు లేకుండా వెళ్లినవే అన్నీ, మరి కొత్త క్లయింట్‌కి ఏం చూపించాలి? ఒకాయన 18,400 బాకీ, ఐదు నెలలు అయింది, ఫోన్ ఎత్తడు. ఇంకో ఏజెన్సీ ఏమో మెషీన్ చేసిన అనువాదాన్ని సరిదిద్దితే చాలు, మాటకి 20 పైసలు అంటోంది. ఒప్పుకోవాలా?

నిఘంటువు తాత:

అమ్మా, నేను ఇరవై రెండేళ్లుగా అనువాదాలు చేస్తున్నాను. మందుల కంపెనీల కాగితాలు, బీమా పాలసీలు, ట్రాక్టర్ మాన్యువళ్లు, అన్నీ. నీ వాక్యం చూడగానే నవ్వొచ్చింది. నీ మీద కాదు, నా పాత ఫైళ్లు గుర్తొచ్చి.

ఒకసారి లెక్కపెట్టు. అందులో 20 మాటలున్నాయి. నీ రేటుకి 11 రూపాయలు. ఇప్పుడు అదే విషయం మీ అమ్మకి ఫోన్లో ఎలా చెబుతావు?

"షుగర్ ఉన్నవాళ్లు పాదాల మీద గాయాలు, పొక్కులు, వాపు ఉన్నాయేమో రోజూ చూసుకోవాలి."

పది మాటలు. ఐదున్నర రూపాయలు.

అర్థమైందా, నీ రాతకి పట్టిన జబ్బేంటో? "ఉన్నటువంటి", "తమ యొక్క", "ప్రతి రోజూ కూడా"... ఇవి నీకు రాక రాసినవి కావు. హెడ్డింగులు పెట్టిన చెయ్యి అలా రాయదు. తెలుగు మాటకి ఇంత అని డబ్బిస్తుంటే చెయ్యి దానంతటదే మాటలు పెంచుతుంది. ఆ "యొక్క" ఖరీదు 55 పైసలు మరి. నేనూ ఆరేళ్లు అలాగే రాశాను, ఎవరూ చెప్పలేదు.

మన భాష తీరే అంత. ఇంగ్లీషులో విడివిడిగా ఉండేవి మనకి అతుక్కుపోతాయి. వాళ్లకి "ఇంట్లో" అనడానికి మూడు మాటలు కావాలి, "రాలేదు" అనడానికి ఇంకో మూడు. నా ఫైళ్లలో చూసుకుంటే వెయ్యి ఇంగ్లీషు మాటలు బాగా తెలుగు చేస్తే 700, 750 దగ్గర తేలుతున్నాయి. అంటే ఎంత బాగా రాస్తే అంత నష్టం. కాబట్టి రేటు పెంచమని అడిగే ముందు కొలత మార్చమని అడుగు. మూలంలో ఉన్న ఇంగ్లీషు మాటల లెక్కన ఇమ్మను. నీ వాక్యానికి ఇంగ్లీషు మూలం ఎలా ఉండుంటుందో ఊహించగలను, పద్నాలుగు మాటలకి మించదు. అదే 55 పైసలకి ఏడు రూపాయల డెబ్బై పైసలు. పది మాటలు రాసినా అంతే, ఇరవై రాసినా అంతే. ఏజెన్సీకి కూడా ఇది సుఖం, బిల్లు ఎంతవుతుందో పని ఇవ్వకముందే తెలుస్తుంది. అలా చెప్పే ఒప్పించు. అవసరమైతే రెండు మూడు పైసలు తగ్గు, పర్వాలేదు.

ఇంకో మాట. "పాదాలపై కోతలు" చదివితే నాకు వరి కోతలు, కరెంటు కోతలు గుర్తొచ్చాయి. నిఘంటువులో మొదటి అర్థం పట్టుకుని వచ్చేస్తే ఇలాగే అవుతుంది. "బొబ్బలు" తప్పేం కాదు, మా కృష్ణా జిల్లా వైపు పొక్కులే అంటాం. మీ ఖమ్మంలో ఏమంటారో నువ్వు వెళ్లి వినాలి. ఆంధ్రభారతి సైటులో పాత నిఘంటువులు చాలావరకు ఒకే చోట వెతుక్కోవచ్చు, నేను రోజూ వాడతాను. 1852 నాటి బ్రౌన్ నిఘంటువులో కూడా జనం నోటి మాటలు దొరుకుతాయి. కానీ ఆసుపత్రి ఓపీ బయట బెంచీ మీద గంట కూర్చుంటే దొరికే మాటలన్నీ నిఘంటువుల్లో ఉండవు. "గుండె దడ", "కాళ్లు తిమ్మిర్లు", "కడుపులో తిప్పడం", "నీరసం", ఇవి ఒక పుస్తకంలో రాసుకో. నా దగ్గర అలాంటివి మూడు పుస్తకాలున్నాయి. ఒకదాని మీద మా మనవడు పాలు ఒలకబోశాడు, అయినా దాచుకున్నా.

ఆరోగ్యమే పట్టుకోవాలా అన్నావు. పట్టుకో. కుక్కర్లు వదిలెయ్. ఆ పుస్తకం నిండేకొద్దీ నీ పని ఇంకొకరు చేయలేనిది అవుతుంది.

వాయిస్ బూత్:

తాతగారు అనువాదం సంగతి చెప్పారు, నేను స్క్రిప్టుల గురించి చెబుతా. ఆడియో కథలు రాస్తాను అక్కా, అంతకు ముందు రెండేళ్లు డబ్బింగ్ చెప్పాను. అందుకే రాసినవాళ్ల మీద కోపం ఎంత వస్తుందో నాకు బాగా తెలుసు.

నేను రాసిన మొదటి ఎపిసోడ్ వెనక్కి కొట్టారు. కారణం ఒక్క ముక్కలో రాశారు: "ఇంట్లో ఎవరూ ఇలా మాట్లాడుకోరు." నిజమే. భార్య మంచినీళ్లిస్తే భర్త "ధన్యవాదాలు" అంటాడు నా కథలో. అత్తని "ఆమె" అంటుంది కోడలు, అత్త ఎదురుగా ఉండగానే. తర్వాత నుంచి రాసే ముందు చిన్న చీటీ పెట్టుకుంటున్నా: ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారు, ఎవరు "మీరు", ఎవరు "నువ్వు", కోపం వస్తే అది ఎటు మారుతుంది. మరదలు బావని "మీరు" అనే ఇల్లూ ఉంది, "ఏరా" అనే ఇల్లూ ఉంది. అది తేలితే సగం సంభాషణ తేలినట్టే.

ఇంకోటి, అంకెలు అక్షరాల్లో రాయండి. "1,250" అని రాస్తే మైకు ముందు ఒకరు "పన్నెండు వందల యాభై" అంటారు, ఇంకొకరు "వెయ్యిన్ని రెండు..." అని ఆగిపోతారు. "మరియు" వచ్చిన ప్రతిచోటా గొంతు తడబడుతుంది. నేను నెమ్మదిగా చదివితే నిమిషానికి వంద మాటలు అటూ ఇటూ. మీరు కూడా ఫోన్లో టైమర్ పెట్టి చదువుకుని చూడండి. స్క్రిప్టుకి 600 అన్నారు కదా, ఎన్ని నిమిషాల వీడియోకి? అది మాట్లాడుకోకపోతే ఆరు నిమిషాలది మెల్లగా పదమూడు నిమిషాలవుతుంది. నాకు అయింది.

శాంపిళ్లకి: పేరు లేని పాత పనులు చూపించకండి, ఒప్పందంలో కుదరకపోవచ్చు. కొత్తగా మూడు రాయండి. ఒక కరపత్రం, ఒక మూడు నిమిషాల స్క్రిప్టు, మీ సొంత వ్యాసం ఒకటి. అన్నీ యూనికోడ్‌లో. పత్రికలకైతే అనూ ఫాంటులో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంటు) అడగొచ్చు. కన్వర్టర్‌లో మార్చాక ఒత్తులు ఒకసారి కళ్లతో చూసుకోండి, "స్త్రీ" లాంటివి పాడైపోతుంటాయి.

పద్దుల పుస్తకం:

నేను రచయితని కాదు, మా ఆవిడ రచయిత్రి. ఆవిడ బిల్లులు నేను చూస్తాను. కాబట్టి 18,400 గురించి మాత్రమే.

ఆ పనికి మెయిల్లో ఆర్డర్, పంపిన ఫైలు, ఒప్పుకున్న రేటు ఉన్నాయా? ఉంటే ఫోన్లు ఆపేసి తేదీలతో ఇన్వాయిస్ మెయిల్ చేయండి. ఫోన్లో అడిగింది గాల్లో కలిసిపోతుంది.

ఇకపై పనులకి ఉద్యమ్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) చేసుకోండి. ఆధార్, పాన్ ఉంటే చాలు, ప్రభుత్వ సైటులో పూర్తిగా ఉచితం. వేలు అడిగే బ్రోకర్ సైట్లు ఉన్నాయి, వాటి జోలికి వెళ్లొద్దు. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం నమోదైన చిన్న సంస్థకి కొనుగోలుదారు 45 రోజులు దాటకుండా డబ్బివ్వాలి. గడువేదీ రాసుకోకపోతే 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఇంట్లో కూర్చుని రాసే ఒక్క మనిషి కూడా సేవల కింద నమోదు కావచ్చు. నమోదుకి ముందు చేసిన పనికి దీన్ని పట్టుకోవడం కష్టం, అందుకే పాత బాకీకి దీని మీద ఆశ పెట్టుకోకండి. కానీ ఇన్వాయిస్ కింద ఉద్యమ్ నంబరు కనబడితే మా ఆవిడ క్లయింట్లలో ఇద్దరు మర్యాదగా మారారు.

టీడీఎస్ (డబ్బిచ్చేటప్పుడే పట్టుకునే పన్ను) కోసుకున్నాం అంటే నమ్మి ఊరుకోవద్దు. మీ పాన్ మీద జమ అయిందో లేదో ఆదాయపు పన్ను సైటులో చూసుకోండి. రిటర్న్ వేస్తే మీ ఆదాయానికి అందులో చాలావరకు తిరిగి వస్తుంది.

రేపు మీరూ కథలు రాస్తే పనికొస్తుంది, ఒకటి చెబుతా: 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కులు ఇచ్చేయడం కాగితం మీద, సంతకంతో జరగాలి. వాట్సాప్‌లో "అన్ని హక్కులూ మావే" అన్నంత మాత్రాన అయిపోదు. కాగితంలో కాలం రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని చట్టం అనుకుంటుంది. సంతకం పెట్టే ముందు ఆ రెండు గళ్లూ చూడండి. మా ఆవిడ మొదటి కథకి చూడలేదు.

పాత డెస్క్ పిల్ల:

ఆలస్యంగా జవాబిస్తున్నా, బాబుకి జ్వరం.

తాతగారూ, మీరు చెప్పినట్టే అడిగాను. ఏజెన్సీ కోఆర్డినేటర్ మొదట "పాలసీ కాదండీ" అంది. బిల్లు ముందే తెలుస్తుంది కదా అన్నాక, ఆసుపత్రుల పనికి మాత్రం ఇంగ్లీషు మాటల లెక్కన 52 పైసలకి ఒప్పుకుంది. మిగతావి పాత పద్ధతే. నిన్న పంపిన ఫైలు మూలం 1,140 మాటలు, నా తెలుగు 806. పాత లెక్కన 443 వచ్చేది, ఇప్పుడు 592. అంతకన్నా, రాస్తుంటే ఆ "యొక్క" రాలేదు. వెతికినా లేదు.

పాదాల కరపత్రం కొత్తగా రాసి మా అత్తయ్యకి చదివి వినిపించాను. ఆవిడకి పదేళ్లుగా షుగర్. సగంలోనే చెప్పు విడిచి మడమ తిప్పి చూసుకున్నారు. "పొక్కులు కాదే, బుడ్డలు అను" అన్నారు. పుస్తకంలో మొదటి మాట అదే రాసుకున్నా.

పద్దుల పుస్తకం గారూ, మెయిల్ చేశాక 9,000 వేశాడు. మిగతా 9,400కి "నెలాఖరు" అన్నాడు. ఏ నెలో చెప్పలేదు. ఉద్యమ్ అయిపోయింది, పావుగంట పట్టింది.

మెషీన్ పని గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు.

నిఘంటువు తాత:

మర్చిపోయానమ్మా. నేను ఒకసారి గడియారం పెట్టుకుని చూశాను. 400 మాటల బీమా కాగితం మొదటినుంచి నేనే చేస్తే 55 నిమిషాలు. మెషీన్ చేసినదాన్ని సరిదిద్దితే 50. మిగిలింది ఐదు నిమిషాలు, తగ్గే డబ్బు సగం పైన. పైగా అది తప్పుని కూడా చక్కని వాక్యంలో పెడుతుంది. మందు వేసుకోవద్దన్న చోట వేసుకోమని ఉన్నా చదవడానికి నున్నగా ఉంటుంది, కన్ను జారిపోతుంది. ఆసుపత్రి కాగితాల్లో అది చిన్న విషయం కాదు.

నువ్వూ ఒక ఫైలుకి గడియారం పెట్టి చూడు. నీ గంటకి ఎంత పడుతుందో తేల్చుకుని, గంట లెక్కన ఇస్తేనే చేస్తానను. 20 పైసలకైతే వద్దని చెప్పెయ్.

బుడ్డలు అనే మాట నా మూడు పుస్తకాల్లోనూ లేదు. రాసుకుంటున్నా. బాబుకి జ్వరం తగ్గిందా?