ఏడో నెలలో తుంటి నొప్పి: విజయవాడ, గుంటూరులో ఆస్టియోపతి ఎవరైనా చేయించుకున్నారా?

పటమట_కోడలు:
తొడల మధ్య ఎముక దగ్గర, తుంటి వెనక ఒకటే నొప్పి. మంచం మీద పక్కకి తిరగాలంటే ప్రాణం పోతోంది. ఉండేది మూడో అంతస్తు, లిఫ్ట్ ఎప్పుడు పనిచేస్తుందో దేవుడికే తెలియాలి. డాక్టరమ్మ చూసి బిడ్డ బాగుంది, ఈ నెలల్లో ఇవి మామూలే అన్నారు. బెంజ్ సర్కిల్ వైపు ఒకచోట ఆస్టియోపతి బోర్డు చూశాను. అదీ ఫిజియోథెరపీ లాంటిదేనా? కడుపుతో ఉన్నవాళ్లు చేయించుకోవచ్చా?

బ్రాడీపేట_అమ్మ:
నాదీ ఇదే కథ అండీ. నేను ఆస్టియోపతికి వెళ్లలేదు, కొత్తపేటలో ఒక ఫిజియో మేడమ్‌కి చూపించుకున్నాను. ఆవిడ ముందు నా నడక చూశారు, తర్వాత ఇంట్లో ఏమేం పనులు ఎలా చేస్తానో అడిగారు. పక్కకి తిరిగేటప్పుడు మోకాళ్లు రెండూ కలిపి, ఒంటిని మొత్తంగా ఒకేసారి తిప్పమన్నారు. చుడీదార్ ప్యాంటు నిలబడి వేసుకోవద్దు, కూర్చుని వేసుకోవాలి. మెట్లు ఒక్కొక్కటే, రెండు కాళ్లూ ఒకే మెట్టు మీద పెట్టాకే తర్వాతది. ఆటోలో అయితే ముందు సీటు మీద కూర్చుని, అప్పుడు కాళ్లు రెండూ కలిపి లోపలికి తిప్పుకోవాలి. మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని ఎడమవైపు పడుకోవడం సరేసరి. తుంటికి కట్టే బెల్టు కూడా ఇచ్చారు, అది మాత్రం ఎండాకాలంలో నరకం. నొప్పి పూర్తిగా పోలేదు కానీ వంటింట్లో నిలబడగలిగాను.

ఫిజియో_కానూరు:
గర్భంలో రిలాక్సిన్ లాంటి హార్మోన్ల వల్ల కటి దగ్గరి కీళ్లని పట్టి ఉంచే లిగమెంట్లు వదులవుతాయి. పొట్ట బరువు ముందుకి లాగుతుంది కాబట్టి నడుము వెనక్కి వంగుతుంది. ఈ నొప్పికి అవి కొంత కారణం. ఎముక జరిగిపోయింది, సరిచేస్తాం అని ఎవరైనా అంటే నమ్మకండి.

ఆస్టియోపతి అంటే కండరాలని, కీళ్లని చేతులతో ఒత్తి, సాగదీసి చేసే వైద్యం. దాన్ని 1874లో ఆండ్రూ టేలర్ స్టిల్ అనే అమెరికన్ డాక్టర్ మొదలుపెట్టారు. ఇప్పుడు అక్కడ ఆ డిగ్రీ ఉన్నవాళ్లు ఆపరేషన్లు కూడా చేసే పూర్తిస్థాయి డాక్టర్లు. బ్రిటన్‌లో వీళ్ల కోసం 1993లో ప్రత్యేక చట్టమే వచ్చింది. మన దగ్గర అలాంటి వ్యవస్థ లేదు, అందుకే బోర్డు చూసి వెళ్లొద్దు. లోపల చేసేవాళ్లు ఏం చదివారు, ఫిజియోథెరపీ డిగ్రీలైన బీపీటీనా ఎంపీటీనా, గర్భిణులకి చేసిన అనుభవం ఉందా అని మొహమాటం లేకుండా అడగండి. ఫోన్లలో చూపించే టకటకమని మెడలు విరిచే పద్ధతులు ఇప్పుడు వద్దే వద్దు. ఏడో నెలలో ఎక్కువసేపు వెల్లకిలా పడుకోబెట్టకూడదు, గర్భసంచి రక్తనాళం మీద పడి కళ్లు తిరుగుతాయి. తెలిసినవాళ్లయితే పక్కకి పడుకోబెట్టే చేస్తారు.

లక్ష్మీపురం_శాంతి:
మా చెల్లి లండన్‌లో ఉంటుంది. దానికి అక్కడ ప్రభుత్వం తరఫున ఫిజియోకే పంపారు, ఆస్టియోపతి సొంత డబ్బుతో చేయించుకుంది. మెత్తగా ఒత్తడం, నెమ్మదిగా సాగదీయడం, అంతే. బయటికి రాగానే హాయిగా ఉండేదట, కొన్నాళ్లకి మళ్లీ మొదలు. అయినా మళ్లీ కడుపొస్తే మళ్లీ వెళ్తానంటోంది.

లెక్కల_మాస్టారు:
మా ఆవిడ కోసం ఇదంతా చదివాను. అమెరికాలో 400 మంది గర్భిణుల మీద చేసిన పరిశోధన 2015లో వచ్చింది. ఆస్టియోపతి చేయించుకున్నవాళ్లు, మామూలు చెకప్‌లతో సరిపెట్టుకున్నవాళ్లకంటే మెరుగ్గా ఉన్నారు. కానీ నొప్పికి పెట్టే అల్ట్రాసౌండ్ యంత్రాన్ని (స్కానింగ్ కాదు) ఉత్తుత్తిగా పెట్టించుకున్న మూడో గుంపువాళ్లూ ఇంచుమించు అంతే మెరుగ్గా ఉన్నారు! మరి మేలు చేసింది ఆ పద్ధతా, లేక ఒక మనిషి తీరిగ్గా కూర్చుని పట్టించుకోవడమా? నాకైతే రెండోదే అనిపిస్తుంది. మన ఓపీల్లో ఆ తీరికే కరువు.

బ్రాడీపేట_అమ్మ:
మాస్టారూ, నొప్పి తగ్గితే చాలండీ, ఏ గుంపైతేనేం.

ఫిజియో_కానూరు:
ఒక మాట మరిచాను. నడుం నొప్పి ఆగి ఆగి, ఒక పద్ధతిలో వస్తున్నా, రక్తం లేదా ఉమ్మనీరు కనిపించినా, మూత్రంలో మంట, జ్వరం ఉన్నా, ఒక్క పిక్కే వాచి నొప్పెడుతున్నా మసాజూ వద్దు, ఫిజియో కూడా వద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

కృష్ణలంక_రమ:
నా ప్రశ్న కాన్పు తర్వాతది. సిజేరియన్ అయింది. మా అత్తగారు నువ్వుల నూనె రాయించి నడికట్టు బిగించి కట్టమంటున్నారు. పైగా బాబుని ఎత్తుకుంటే బొటనవేలు మొదట్లో, మణికట్టు దగ్గర సూదులు గుచ్చినట్టుంది.

ఫిజియో_కానూరు:
కాళ్లకి, వీపుకి నూనె మర్దనా చేయించుకోండి, హాయిగానే ఉంటుంది. పొట్ట మీద మాత్రం కుట్లు మానాయని డాక్టర్ చెప్పేదాకా ఎవర్నీ ఒత్తనివ్వకండి. నడికట్టు ఆసరాగా, వదులుగా ఉంటే పర్లేదు. ఊపిరి బిగపట్టేంత గట్టిగా కడితే ఆ ఒత్తిడంతా కింది కండరాల మీద పడుతుంది. చేతి నొప్పి పసిబిడ్డల తల్లుల్లో బాగా కనిపించేదే, బొటనవేలి నరాలు అంటామే, ఆ స్నాయువులు ఒరుసుకుపోవడం వల్ల వస్తుంది. బాబు చంకల కింద బొటనవేళ్లు చాపి ఎత్తకండి. అరచేతులు పైకి పెట్టి, పిర్రల కింద, వీపు కింద పట్టుకుని ఎత్తండి. బొటనవేలిని కదలనివ్వని స్ప్లింట్ మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. దానితో తగ్గకపోతే ఎముకల డాక్టర్‌కి చూపించండి.

కృష్ణలంక_రమ:
థాంక్సండీ. నడికట్టు సంగతి మా అత్తగారికి మీరే చెప్పాలి, నేను చెబితే వినరు.